సీసాకు కట్టిన దారం

పెట్టెలో పన్నెండు వైను సీసాలు వచ్చాయి. ఆదివారానికి ఒకటి చొప్పున పన్నెండు ఆదివారాలు. 1976 జనవరి 11న మొదలైతే మార్చి 28కి సరిగ్గా అయిపోవాలి. అయిపోలేదు, ఒకటి మిగిలింది. ఒక ఆదివారం వాటిని తెచ్చుకున్న ఇంజనీరు సగం సీసా మాత్రమే తాగి, మిగతా సగం తరవాతి ఆదివారానికి దాచుకున్నాడు. నేను చెప్పబోయేదంతా ఆ సగం సీసా గురించే. నాకిప్పుడు డెబ్బై దాటాయి. తేదీలు మరిచిపోయే అలవాటు నాకు లేదు. ఈ ఒక్క విషయంలో మరిచిపోయి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

మా అత్తవారిది ఆండర్సన్‌పేటలో కిరాణా అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు, రెంటికీ మధ్య సరుకు గది. ఆ గదికి కిటికీ లేదు. నేలంతా బండలు, గోడలు రెండడుగుల మందం. బెల్లం కరగకుండా, చింతపండు నల్లబడకుండా ఉండాలని మామ అట్లా కట్టించాడు. ఎండాకాలంలో నేను ఏదో ఒక సాకు చెప్పి ఆ గదిలోకి పోయి కాసేపు నిలబడేదాన్ని.

అప్పటికి మా ఊరి బంగారు గనులు సర్కారు చేతికి వచ్చి కొన్నేళ్ళయింది. దొరలు వెళ్ళిపోయారు. వాళ్ళ బంగళాల్లో మన ఆఫీసర్లు చేరి పూలతోటల్లో వంకాయలు వేశారు. అందుకే ఆ జనవరిలో ఒక తెల్లాయన మా అంగడి మెట్లెక్కితే బజారంతా తలలు తిప్పి చూసింది. గని లోతుల్లో ఊరే నీళ్ళు తోడటానికి కొత్త పంపులు వచ్చాయి. వాటిని బిగించడానికి ఇటలీ నుంచి వచ్చిన ఇంజనీరు ఆయన. యాభై ఏళ్ళుంటాయి, పొట్టి మనిషి, చేతి గోళ్ళ నిండా గ్రీజు.

ఆయన వచ్చింది తెల్లుల్లి కోసం. బస్తా చూపిద్దామని మామ సరుకు గదిలోకి తీసుకుపోయాడు. ఆయన గడప దాటగానే ఆగిపోయి, గోడకు అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఎస్సెల్సీ దాకా చదివిన దాన్ని గనక ఇంగ్లీషు మాట వస్తే ఇంట్లో నన్నే పిలిచేవాళ్ళు. ఆయన ఇంగ్లీషు నాకంటే ముక్కలు ముక్కలుగా ఉండేది.

"మా అమ్మ ఇంటి కింద ఇట్లాంటి గదే ఉంది" అన్నాడు. "మా ఊళ్ళో భూమి కిందికి పోతే చల్లన. మీ ఊళ్ళో కిందికి పోతే పొయ్యి."

ఆ తరవాత అడిగాడు. పంపుల సామాన్లతో పాటు తన ఊరి ద్రాక్ష వైను ఒక పెట్టె వచ్చిందట. తనకిచ్చిన క్వార్టర్స్‌కి రేకుల కప్పు. ఆ వేడికి వైను పాడైపోతుంది. ఈ గదిలో ఒక మూల పెట్టుకోనిస్తారా, ప్రతి ఆదివారం ఒకటి తీసుకుపోతాను, అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో జరిగిన మాటలు నాకు ఇప్పటికీ నవ్వు తెప్పిస్తాయి.

"అమ్మవారి పటం ఉండే ఇంట్లో సారాయి పెట్టె పెడతారా?" అంది అత్త.

"సారాయి కాదే. ద్రాక్షపండ్ల రసం. కొంచెం పులిసింటాది, అంతే. బెంగుళూరులో డాక్టర్లు బాలింతలకు టానిక్ అని రాసిస్తారు" అన్నాడు మామ.

"పన్నెండు సీసాల టానిక్కా? ఎంతమంది బాలింతలప్పా మన ఇంట్లో?"

చివరికి అత్త ఒప్పుకుంది. పెట్టె గోడవైపు మూల ఉండాలి. పైన గోనెపట్టా కప్పాలి. వంటింటి గడప దాటకూడదు. బజార్లో ఒక్క పిట్టకు కూడా తెలియకూడదు. ఇంట్లో దాన్ని టానిక్ అనే పిలవాలి. నేను తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. "ఒకరు నమ్మి పెట్టిన వస్తువు మన గదిలో తక్కువైతే ఇంగ అంగడి మూసుకోవాల్సిందే" అన్నాడు మామ, పెట్టె తాళం లేనిదని చూసి.

నాకు అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. కల్తీ పట్టడంలో ఆ బజార్లో నన్ను మించినవాళ్ళు లేరని పేరు. మిరప్పొడి నీళ్ళలో చల్లి ఇటుక పొడి అడుక్కి దిగడం చూపించేదాన్ని. తేనెలో దూదివత్తి ముంచి వెలిగించి చూసేదాన్ని. బెల్లం, ఉప్పు, ఇంగువ, నూనె, ఏది వచ్చినా ముందు కన్ను, తరవాత వేళ్ళు, ఆఖరికి నాలుక. నాలుక మీద పెట్టకుండా ఏ సరుకునూ మంచిదనీ చెడ్డదనీ చెప్పలేదు. "మా కోడలి కన్ను తక్కెడ ముల్లు" అని మామ బేరగాళ్ళ ముందు అనేవాడు. ఆ మాటకు నాకు కడుపు నిండేది.

ఫిబ్రవరి 1 ఆదివారం. ఆయన నాలుగో సీసా తీసుకుపోయాడు. సాయంత్రం నాలుగింటికి సగం సీసాతో తిరిగి వచ్చాడు. తింటూ ఉండగా గని నుంచి జీపు వచ్చిందట, పంపు ఆగిపోయిందని. బిరడా తిరిగి బిగించి తెచ్చాడు. ఈ సగం కూడా ఆ చల్లని మూలనే పెట్టండి, వచ్చే ఆదివారం తాగుతాను, అన్నాడు. ఆయన వెళ్ళాక నేను సీసాను వెలుతురులో పట్టి, లోపలి ద్రవం ఎంతవరకు ఉందో చూసి, సరిగ్గా ఆ మట్టానికి తెల్ల దారం చుట్టి మూడు ముళ్ళు వేశాను. మూత విప్పిన నూనె సీసాలకు గుర్తు పెట్టే పద్ధతే. సీసా ముదురు ఆకుపచ్చ గాజు. లోపలున్నది నల్లగా కనిపించింది. వైను అంటే నల్లగానే ఉంటుందని నాకు తెలుసు. మా పెరటి వెనక ఉండే కిరస్తానీ టైలరు ఇంట్లో ప్రతి డిసెంబరూ నల్ల ద్రాక్షతో వైను చేసేవాళ్ళు. నేరేడుపండు రంగు. గ్లాసు కడిగినా అంచున మరక నిలిచేది.

ఇప్పుడు మా సరుకు చెరిగే ఆమె గురించి చెప్పాలి. గని కార్మికుల లైన్ల ఇళ్ళ నుంచి వచ్చేది. నలభై పైబడి ఉంటుంది. ఇంట్లో తమిళం, మాతో తెలుగు. నేను కోడలిగా రాకముందు నుంచే ఆ ఇంట్లో చెరిగేది. తన చాట తనే తెచ్చుకునేది. వెదురు చాట, అంచుకు పాత సైకిల్ ట్యూబు కుట్టి ఉండేది. మా చాటలు ఆమెకు నచ్చవు. మాతో పాటు బజార్లో ఇంకో నాలుగు అంగళ్ళకు చెరిగేది. నేను పప్పులో రాళ్ళు వెతుకుతుంటే వెనక నుంచి చూసి, "చిన్నమ్మా, నీ కంటికి భయపడి రాయి దానంతట అదే లేచి నిలబడతాదే" అనేది. ఆమె మొగుడు గని లోపల పనిచేసినవాడు. లోపల పనిచేసేవాళ్ళు పైకి వచ్చాక తాగుతారని బజార్లో అందరూ అనేవాళ్ళు. నేనూ అనేదాన్ని. అతన్ని నేను ఎప్పుడూ చూడలేదు.

ఫిబ్రవరి 8న మామ ఆ ఇంజనీరును మధ్యాహ్నం ఊటానికి, అదే భోజనానికి, పిలిచాడు. అత్త ఇంట్లోకి రానివ్వదు గనక వెనక వసారాలో ఆకు వేశాము. చిత్రాన్నం, కందిపప్పు, బీన్స్ పల్యం, అప్పడం. ఆయన కూర్చుని నా సగం సీసా తెస్తావా అని అడిగాడు. తువ్వాలు కప్పి తెచ్చాను. ద్రవం దారానికి సరిగ్గా అంటుకుని ఉంది, వెంట్రుక వాసి కూడా అటూ ఇటూ లేదు. ఆయన ఆ దారం చూసి నవ్వి, నాకు తల వంచి నమస్కారం పెట్టాడు. నేను గర్వంగా గోడకు ఆనుకుని నిలబడ్డాను.

ఆయన సర్బత్తు గ్లాసులోకి ఒంపుకున్నాడు.

గ్లాసులో ఉన్నది వైను రంగు కాదు. ఐసు కరిగిపోయిన రోజా సర్బత్తులా ఉంది. పలచగా, అంచుల దగ్గర తోమిన రాగిచెంబు ఛాయ. గ్లాసు వెనక ఆయన వేళ్ళు కనిపిస్తున్నాయి.

ఒక్క క్షణంలో నా లెక్క తేలిపోయింది. మట్టం తగ్గలేదు, రంగు తగ్గింది. అంటే ఎవరో తాగి, దారం దాకా నీళ్ళు పోశారు. ఎంత పోసి ఉంటారో కూడా అంచనా కట్టాను. మూడు పాళ్ళకు రెండు పాళ్ళు.

ఆయన నిమ్మళంగా తాగాడు. చిత్రాన్నం మీద ఒక గుక్క, పప్పు మీద ఒక గుక్క. బాగుంది, చాలా బాగుంది, అన్నాడు. మర్యాదస్తుడు, తెలిసి కూడా దాచిపెడుతున్నాడు అనుకున్నాను. దీని రంగు ఇంతేనా అని నాకొచ్చిన ఇంగ్లీషులో నాలుగు మాటలు అడిగితే సరిపోయేది. అడగలేదు. అడిగితే, మీరు నమ్మి పెట్టిన దానిలో మా ఇంట్లో నీళ్ళు కలిశాయేమో అని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టవుతుంది. అంగడి పేరు పోతుంది. పైగా నా కన్ను తప్పు చూస్తుందన్న ఆలోచనే నాకు రాలేదు.

మరుసటి రోజు సోమవారం. చెరిగే ఆమె అంగడి వెనక భాగంలో కూర్చుని మినుములు చెరుగుతూ ఉంది. మామ తక్కెడ దగ్గర ఉన్నాడు. అత్త వసారాలో ఉంది.

"టానిక్ పెట్టె దగ్గరికి ఎవరు పోయినారు?" అన్నాను.

"నేనే గదమ్మా, శనివారం ఊడ్చింది."

"ఊడ్చేదానికి మాత్రమేనా?"

చాట ఆగింది. "ఏమి చిన్నమ్మా? సూటిగా అడుగు."

"సగం సీసాలో మూడు పాళ్ళకు రెండు పాళ్ళు నీళ్ళు ఉండాయి. దారం దాకా కొలిచి పోసినారు. ఈ ఇంట్లో అది తాగేవాళ్ళు ఎవరూ లేరు."

"మా ఇంట్లో ఉండారా?"

"నీ మొగుడు లోపల పనిచేసినోడు గదా."

ఆమె ముందు నవ్వింది. నేను వేళాకోళం ఆడుతున్నాననుకుంది. "అయ్యో సామీ, కషాయం తాగేదానికే అతనికి నా చెయ్యి సాయం కావాల" అంది. నా ముఖం చూసి నవ్వు ఆపేసింది. "సత్తియంగా నాకు తెలీదు చిన్నమ్మా. ఆ గోనె కూడా నేను ఎత్తలేదు."

"మరి నీళ్ళు యాడ నుంచి వచ్చినాయి?"

ఆమె లేచింది. "తక్కెడ ముట్టి చెప్తాను" అంది.

మా బజార్లో ఆ మాట అంటే ఇంక పైన మాట లేదు. ఆయుధపూజకు పసుపు కుంకుమ పెట్టి మొక్కే తక్కెడ అది. దాని పళ్ళెం మీద చెయ్యి పెట్టి అబద్ధం చెప్పినవాళ్ళను ఎవరూ ఎరగరు. ఇద్దరు వ్యాపారుల మధ్య ఎంత పెద్ద తగాదా అయినా అక్కడితో ముగిసేది. ఆమె రెండు అడుగులు ముందుకు వేసింది. నేను అడ్డం నిలబడ్డాను.

"నువ్వు ముట్టద్దు" అన్నాను.

ఎందుకు ముట్టకూడదో నేను చెప్పలేదు. ఆమె అడగలేదు. ఆ తక్కెడలో అన్నేళ్ళుగా తూగిన ప్రతి గింజా ఆమె చేతుల మీదుగా పోయిందే. మామ తల వంచుకుని తూకం రాళ్ళు సర్దుతున్నాడు. ఆమె కొంగు భుజం మీద వేసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది. సగం చెరిగిన మినుములతో ఆమె చాట నేల మీదే ఉండిపోయింది.

పక్కనున్న బట్టల అంగడాయన తల బయటికి పెట్టాడు. "ఏమమ్మా, ఏడ్చుకుంటా పోతాది? ఏమి కథ?"

వైను అని చెప్పలేను. అమ్మవారి పటం ఉన్న ఇల్లు. మామ ముఖం, అత్త ముఖం చూశాను. "కందిపప్పులో చెయ్యి పెట్టింది" అన్నాను. ఎవరూ నేర్పలేదు, దానంతట అదే వచ్చింది.

సాయంత్రంలోగా మిగతా నాలుగు అంగళ్ళకూ ఆ మాట పోయింది. నాలుగు అంగళ్ళూ ఆమెను రావద్దన్నాయి. "బాగా పట్టినావమ్మా" అంది అత్త. ఆ రోజు నేను ఆకలిగా, తృప్తిగా అన్నం తిన్నాను. దాన్ని కూడా రాయాలి గనక రాస్తున్నాను.

ఆరు రోజులు గడిచాయి. ఫిబ్రవరి 15 ఆదివారం. మళ్ళీ వసారాలో ఆకు వేశాము, ఈసారి ఆయనే అడిగి వచ్చాడు, మా పప్పు బాగుందని. నేను పెట్టెలో నుంచి కొత్త సీసా తీశాను. మూతి మీద రేకు తొడుగు చెక్కుచెదరలేదు. ఆయన నా కళ్ళ ముందే తొడుగు చీల్చి, మర తిప్పి బిరడా లాగాడు. టప్పుమని చప్పుడైంది. గ్లాసులోకి ఒంచాడు.

అదే రంగు. అదే రోజా సర్బత్తు, అదే రాగిచెంబు. గ్లాసు వెనక ఆయన వేళ్ళు.

నేను అప్పుడు అడిగాను. నాలుగు మాటలు, అంతే. "దీని రంగు ఇంతేనా?"

ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ ప్రశ్న కోసమే అన్ని వారాలు కాచుకుని ఉన్నట్టు చెప్పడం మొదలుపెట్టాడు. దాని పేరు గ్రిన్యోలీనో. వాళ్ళ కొండ ఊళ్ళ ద్రాక్ష. ఇటలీలోనే చాలామందికి తెలియదట. పెద్ద పేరున్న ఎర్ర వైన్లు ఆ చుట్టుపక్కలే పండుతాయి గనక దీన్ని ఎవరూ పట్టించుకోరు. గుత్తిలో పండ్లన్నీ ఒక్కసారి మాగవు, కోసేవాళ్ళకు విసుగు. అందుకని చాలామంది ఆ తీగలు పీకేసి వేరేవి నాటుకున్నారు. వాళ్ళ నాన్న పీకలేదు. తోలులో రంగు తక్కువ, లోపల గింజలు ఎక్కువ. గింజ అనే వాళ్ళ పల్లె మాట నుంచే ఆ పేరు వచ్చిందట. చూడటానికి నీళ్ళలా ఉంటుంది, నోట్లో మాత్రం గింజల వగరు గట్టిగా పట్టుకుంటుంది.

మా అంగట్లో ఆ వారం వచ్చిన ద్రాక్షలున్నాయి. ఆయన ఒక పండు తీసి చీకి, గింజలు అరచేతిలోకి ఉమ్మి, కొరికి చూడమని సైగ చేశాడు. నేను ఇంకో పండు తీసుకుని గింజ కొరికాను. నాలుక మొద్దుబారేంత వగరు.

"ఇదే. ఈ గింజ" అన్నాడు. "పట్నం వాళ్ళు మా ఇంటికొస్తే ప్రతివాళ్ళూ అడుగుతారు, నీళ్ళు కలిపారా అని. నాన్నకు కోపం రాదు. గ్లాసు చేతికిస్తాడు."

ప్రతివాళ్ళూ అడుగుతారట. అడగడం వాళ్ళకు తప్పు కాదు. నేను గోడకు ఆనుకుని నిలబడి, నోట్లో ఆ గింజ పిప్పిని మింగలేక, ఉమ్మలేక ఉండిపోయాను.

ఆ రోజే లైన్ల ఇళ్ళకు పోయి ఉండవచ్చు. నడిస్తే ఇరవై నిమిషాలు. పోలేదు. పోయి ఏమి చెప్పాలి? నువ్వు తాగలేదని ఆమెకు చెబితే చాలదు, ఆమెకు అది ముందే తెలుసు. చెప్పాల్సింది నాలుగు అంగళ్ళకు, బట్టల అంగడాయనకు. చెబితే కందిపప్పు ఎక్కడిదని అడుగుతారు. అప్పుడు టానిక్ బయటికి వస్తుంది. అమ్మవారి ఉత్సవానికి ముందు నిలబడే మామ ఇంట్లో వైను పెట్టె ఉందని తెలుస్తుంది. ఒక్క మనిషి అడిగినా నేను పట్టిన దొంగతనం అసలు జరగనే లేదని తెలుస్తుంది. ఇవన్నీ వేసి చూసి, కూడి చూసి, ఊరుకున్నాను.

తరవాత ఆరు ఆదివారాలు ఆరు సీసాలు నా చేత్తోనే ఎత్తి ఇచ్చాను. ఆమె చాటను సరుకు గదిలో మేకుకు తగిలించాను. కొత్తగా చెరగడానికి వచ్చినామె పప్పులో రాళ్ళు వదిలేసేది. "ముందున్న దానికి చెయ్యి బాగుండేది, బుద్ధే బాగలేదు" అని అత్త అనేది. నేను ఊఁ కొట్టేదాన్ని.

మార్చి 28న ఆయన వెళ్ళిపోయాడు. మిగిలిన పన్నెండో సీసా నా చేతుల్లో పెట్టాడు. "ఇది నీకు. దారం కట్టి కాపలా కాసినందుకు" అన్నాడు.

ఏప్రిల్ 8 గురువారం. అత్త మధ్యాహ్నం కునుకు తీస్తూ ఉంది. ఆస్పత్రికి పోయి వస్తానని మామకు చెప్పాను. సరుకు గదిలోకి పోయి సీసా తీశాను. ఆకుపచ్చ గాజులో చూపిస్తే ఆ చెరిగే ఆమెకూ నల్లగానే కనిపిస్తుంది, తెరిచి పోసి చూపించాలి. నా దగ్గర మర లేదు. చిన్న రోకలి మొనతో బిరడాను లోపలికి నొక్కాను. కొంత చింది నా చెయ్యి మీద పడింది. ఆ చెయ్యి నాకాను.

మొదట ఏమీ అనిపించలేదు. తరవాత ఎండిన రోజారేకుల వాసన, మిరియం దంచినప్పుడు వచ్చేలాంటి ఘాటు. ఆ తరవాత వగరు. పచ్చి వక్క నమిలినట్టు చిగుళ్ళ నుంచి నాలుక మొదలు దాకా పట్టేసింది. నీళ్ళు కలిపిన ఏ వస్తువూ అట్లా పట్టదు. రెండు చుక్కలు చాలు, ఎవరికైనా తెలిసిపోతుంది. నా జీవితంలో నాలుక పెట్టకుండా తీర్పు చెప్పిన సరుకు అదొక్కటే.

గుడ్డసంచిలో సీసా, చంకలో చాట పెట్టుకుని లైన్లకు నడిచాను. అంతకు ముందు ఎప్పుడూ అటు పోలేదు. ఒకే గోడకు వరసగా అతికించినట్టున్న ఇళ్ళు. అడిగితే చూపించారు. గడప పక్కన గోడకు ఆనుకుని ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఎముకల గూడు. రాతి ధూళి ఊపిరితిత్తుల్లో నిండినవాళ్ళు దగ్గే దగ్గు. అతను నా వైపు చూసి లేవబోయి, లేవలేక మళ్ళీ కూర్చున్నాడు. మా సగం సీసాను తాగాడని నేను లెక్క కట్టిన మనిషి అతను.

ఆమె లోపల నుంచి వచ్చింది. బజార్లో పని పోయాక రోజూ బస్సెక్కి కామసముద్రం పోయి పట్టుగూళ్ళు ఏరుతోందని తరవాత తెలిసింది. ఆ రోజు మొగుడికి బాగలేక ఇంట్లో ఉండిపోయింది.

"గ్లాసు ఉందా?" అన్నాను.

అంచు విరిగిన గాజు గ్లాసు ఒకటి తెచ్చింది, మొగుడికి మందు పోసేది. నేను సీసా వంచాను. ఆమె గ్లాసును వాకిట వెలుతురులోకి ఎత్తి పట్టింది.

"ఇదేనా?"

"ఇదే."

"ఇంత పలచన ఉండాది?"

"దాని రంగే అది. నీళ్ళు కాదు. ఎవరూ ఏమీ కలపలేదు. నేనే తప్పు చూసినాను."

ఆమె గ్లాసు దించలేదు. అట్లాగే చూస్తూ అడిగింది. "నీకు ఎప్పుడు తెలిసింది చిన్నమ్మా?"

ఇంకెవరైనా అయితే ఈ మధ్యే అని చెప్పేవాళ్ళు. తేదీల దగ్గర నాకు అబద్ధం రాదు. "ఫిబ్రవరి పదైదు, ఆదివారం" అన్నాను.

ఆమె వేళ్ళ మీద లెక్క పెట్టడం మొదలుపెట్టింది. నేను ముందే పెట్టి ఉన్నాను. యాభై మూడు దినాలు. ఏడు వారాల నాలుగు రోజులు. ఆమె వేళ్ళు ముడుచుకుంటూ తెరుచుకుంటూ ఉంటే వాకిట్లో నిలబడి చూశాను. చాలాసేపు పట్టింది.

"బజార్లో ఏమని చెప్పినారు?" అంది. నన్ను ఎప్పుడూ నువ్వు అనేది. అప్పటి నుంచి మీరు అంది. "కందిపప్పు అని గదా? ఇది యాడ, కందిపప్పు యాడ? రేపు పొద్దున వస్తాను. మీ అంగడి ముందర నిలబడతాను. అందరూ వినేటట్టు చెప్పండి, ముట్టలేదని."

"ఎట్లా చెప్పేది? ఇది ఇంట్లో పెట్టినామని తెలిస్తే మామ తలెత్తుకోలేడు. నువ్వు మళ్ళీ పనికి రా. నేను అత్తకు ఏదో ఒకటి చెప్తాను."

"ఏదో ఒకటి చెప్పేది మీకు బాగా వస్తాది."

గడప పక్కన ఆమె మొగుడు దగ్గాడు. ఆమె అతని దగ్గరికి పోయి వీపు రాసి తిరిగి వచ్చింది. గ్లాసులోని వైనును తొణక్కుండా నా సీసాలోకే పోసింది. నా చంకలోని చాట తీసుకుని, బోర్లించి, గడప బయట రెండుసార్లు తట్టింది. మా సరుకు గది దుమ్ము రాలింది.

"చాట నాది" అంది. "సీసా ఎత్తుకుపోండి."

తిరిగి వచ్చేటప్పుడు సైనైడు దిబ్బల పక్కదారి పట్టాను. బంగారం తీశాక పారబోసిన ఆ తెల్లటి మట్టి కొండల మీద ఏదీ మొలవదు. సీసా మొత్తం అక్కడ ఒంపేశాను. తెల్లటి మట్టి మీద లేత ఎరుపు మరక పడింది. అది ఆరిపోయేదాకా నిలబడ్డాను. ఎక్కువసేపు పట్టలేదు.

మరుసటి రోజు, ఏప్రిల్ 9 శుక్రవారం, ఆమె వచ్చింది. అంగడి ఎదురుగా రోడ్డుకు అవతల నిలబడింది. బట్టల అంగడాయన, మామ, ఇద్దరు బేరగాళ్ళు, అందరూ ఉన్నారు. నేను తక్కెడ పక్కనే ఉన్నాను. ఆమె నన్నే చూసింది. నేను బెల్లం దిమ్మ కొడుతూ తల వంచుకున్నాను. తల ఎత్తేసరికి వెళ్ళిపోయింది. తరవాత కామసముద్రం బస్సు దగ్గర రెండుసార్లు కనిపించింది. రెండుసార్లూ నేనే పక్కకు తిరిగాను.

మామ లేడు, అత్త లేదు. బట్టల అంగడాయన లేడు. గనులు మూతపడ్డాయి. మా అంగడి అమ్మేశాము, ఆ చోట ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తారు. ఆమె ఉందో లేదో నాకు తెలియదు, వెతకలేదు. ఇప్పుడు నేను ఏది చెప్పినా పరువు పోవడానికి ఆ ఇంట్లో ఎవరూ మిగల్లేదు. అందుకే ఇప్పుడు చెప్పగలుగుతున్నాను, ఆ సంగతి కూడా నాకు తెలుసు.

ఆ శుక్రవారం రోడ్డు వైపు తిరిగి గట్టిగా అనాల్సిన మాట ఇది. ఆమె మా సీసా ముట్టలేదు. మా కందిపప్పు ముట్టలేదు. తక్కెడ ముట్టి ఆ మాట చెబుతానంటే ముట్టనివ్వలేదు. అడ్డం నిలబడింది నేను.